అడుగు లేని బుట్ట

బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలియని సంగతి లేదని మా ఇంట్లో ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. నిజమే, లేదు. చిన్నప్పుడు మా కొబ్బరి ఎస్టేటులో కోర్టు లేదు, జట్టు లేదు, ఆ ఆటను కళ్ళతో చూసిన ఆడమనిషి ఒక్కర్తీ లేదు. అయినా ఇపో పట్నంలో అన్న చదివే కాలేజీ జట్టులో ఎవరు పొడుగు, ఎవరిది ఎడమచేతి వాటం, బంతి చేతికొస్తే ఇంకొకరికి ఇవ్వని పిసినారి ఎవరు, అన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పిసినారి మీద నాకు ఎంత కోపమంటే, ఒకసారి అన్నం తింటూ గట్టిగా తిట్టేశాను. "ఎవుడే ఆడు? నిన్నేటి సేసినాడు?" అని అమ్మ కంగారుపడి చెయ్యి కడిగేసుకుంది.

ఇది ముప్పైల నాటి మాట. మేముండేది మలాయి దేశంలో, దిగువ పేరాక్‌లో. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరిని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్ళం. అక్కణ్ణుంచి సముద్రం వైపు పోతే అంతా కొబ్బరే. ఆ తోటల్లో మా తెలుగువాళ్ళు బాగానే ఉండేవారు. నాయన కొబ్బరి ఎండబెట్టే సాలలో మేస్త్రీ. అన్న చదువులో చురుకని మిషను దొరలు ఇపో కాలేజీలో చేర్పించారు. సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు ఆట సంగతులు మోసుకొచ్చేవాడు, నేను వాటిని నమిలి మింగేసేదాన్ని. అప్పట్లో ఒక గోలు పడితే చాలు, బంతిని మళ్ళీ నడిమధ్యకు తెచ్చి ఎగరేసేవారు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. పోవడం మంచిదైంది. పొడుగువాడున్న జట్టుకే ఎప్పుడూ బంతి దక్కడం ఏం న్యాయం?

నాకున్న రెండో పిచ్చి కొత్త వస్తువులు. దానికి గురువు ఎస్టేటు గేటు దగ్గర దుకాణం నడిపే చీనా తౌకే, అంటే షావుకారు. కొత్తగా ఏ వస్తువు పట్నంలో దిగినా, సరుకు లారీతో పాటు అది ఆయన కొట్టుకు చేరాల్సిందే. అమ్మడానికి కాదు, తను వాడుకోవడానికి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ, ఆయన కొట్టులో వింతా రోతా రెండూ ఎండుచేపల పక్కన ఒకే అరలో ఉండేవి. టార్చిలైటు వచ్చినప్పుడు ఎస్టేటులో మగాళ్ళందరూ దాన్ని ఒకరి మొహం మీద ఒకరు వేసుకున్నారు తప్ప దారి మీద వేసినవాడు లేడు. గ్రామఫోను నాకు నచ్చేది గానీ, సూది అరిగేకొద్దీ పాడే మనిషికి జలుబు చేసేది. ఫ్లాస్కు చూసి మా మామ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "పొద్దుట కాసిన టీ మాపటిదాకా దాసుకోడమెందుకు? మాపు మళ్ళీ కాసుకోనేరా?"

మామ్మ అంటే నాయన తల్లి. పడుచుతనంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చింది. ఎస్టేటులో కాయలు మోసే బుట్టలన్నీ ఆవిడ అల్లినవే. ఇక్కడి రోతాన్ బెత్తాన్ని నానబెట్టి, చీల్చి, మోకాళ్ళ మధ్య బుట్ట పెట్టుకుని అల్లుతుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తేది కాదు. పిడుగు పడినా ఎత్తేది కాదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామ్మకు చెవుడు వచ్చిందని ఎస్టేటంతటికీ తెలుసు, మామ్మకు తప్ప.

ఆవిడ లెక్కలో లోపమంతా లోకానిది. మనుషులు గొణుగుతున్నారు, కోళ్ళు బద్ధకించి కూయడం మానేశాయి. "ఈ మజ్జన వానలు కూడా దొంగల్లాగొస్తన్నాయి. ఆకుల కప్పు మీద సప్పుడే నేదు. మా ఊళ్ళో వానొస్తే ఎలాగుండేదీ!" అనేది. పోనీ అని గట్టిగా మాట్లాడితే ఇంకా ముప్పు. "ఎందుకలాగ అరుస్తావు? నానేటి సెవిటిదాన్నా? మస్టరుకి గంట కొడితే ఇనపడతాంది గదా నాకు!" అని విరుచుకుపడేది. తెల్లారి పనికి పిలిచే ఆ గంట పక్క ఎస్టేటుకు కూడా వినపడుతుందని ఎవరు చెబుతారు? చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అమ్మది పెద్ద గొంతు కాబట్టి అమ్మ నెగ్గుకొచ్చేది. నేను ఈలవేసినట్టు మాట్లాడతాను కాబట్టి కొంత నడిచేది. నలిగిపోయినవాడు అన్న. వాడిది చిన్నప్పటి నుంచీ మెత్తని గొంతు, పైగా పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచకూడదన్న పట్టింపు.

ఆ ఏడాది వాడు జట్టుకు కెప్టెనయ్యాడు. సెలవులకు వస్తూ బంతి కూడా తెచ్చాడు. పాత కాయల బుట్ట ఒకటి అడిగి తీసుకుని, దాని అడుగు ఊడగొట్టి, మా ఇంటి ముందు ఒరిగి పెరిగిన కొబ్బరిచెట్టుకు ఎత్తుగా కట్టాడు. పొద్దున్నంతా మేమిద్దరం ఆడాం. నేను వేసిన బంతుల్లో సగం కోళ్ళగూటి మీద పడ్డాయి. మధ్యాహ్నం మామ్మ బయటికొచ్చి చూసింది. తను అల్లిన బుట్ట అడుగూడి నలుగురూ చూసేలా చెట్టుకు వేలాడుతోంది. పాపం, తలకొట్టేసినట్టయింది. మేము నిద్రపోయి లేచేసరికి ఆవిడ బుట్ట దింపించి, కొత్త బెత్తంతో అడుగు అల్లి, మళ్ళీ ఎక్కడిదక్కడ కట్టించేసింది. అన్న బంతి వేశాడు. బంతి లోపలికి వెళ్ళి కూర్చుంది. గెడ పెట్టి పొడిచి దింపుకోవలసి వచ్చింది.

"మామ్మా, ఈ బుట్టకి అడుగుండకూడదే, బంతి కిందకి పడాల," అన్నాడు అన్న నవ్వుతూ.

ఆవిడకు పెదవులు కదలడం, నవ్వడం మాత్రమే తెలిసింది. ఏదో వెక్కిరించాడనుకుంది. వాడు అడుగు కోసేశాడు. మర్నాడు ఆవిడ మళ్ళీ అల్లింది. వాడు మళ్ళీ కోశాడు. నేను మధ్యలోకి దూరి, "గోల్ అవ్వాలంటే అడుగుండకూడదు మామ్మా, గోల్!" అని అరిచాను.

"గోలా? గోల సేస్తే గెలుపేటి? అలాగైతే నీకెపుడో బంగారు కప్పు ఇచ్చీవోరు!"

అందరం నవ్వాం. అన్నా నవ్వాడు. అదే ఆవిడకు గుచ్చుకుంది. "ఇంగిలీసు సదివినాక ఈడికి నాతో మాట్టాడ్డం నామోషీ అయిపోనాది. నోరిలాగిలాగ ఆడిస్తన్నాడు గానీ మాట రానీడు. మూగ బొమ్మకి సెప్పినట్టు నాను సెప్పుకోడమే," అంది. అన్నకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే ఆవిడ పక్కన కూర్చుని ఏదో చెప్పబోయాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. వాడు ఇపోకు తిరిగి వెళ్ళే రోజున బస్సు దాకా రాలేదు, గుమ్మంలో కూడా నిలబడలేదు. బుట్ట చెట్టుకే ఉండిపోయింది. నాకు మామ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అన్న మీద అంతకన్నా జాలి వేసింది. ఆవిడ పెంచినంత ముద్దుగా వాడినెవరూ పెంచలేదు. ఇప్పుడు వాడు తనతో మాట్లాడటం మానేశాడని ఆవిడ మనసారా నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని ఎలా విరగ్గొట్టాలో ఎవరికీ తోచలేదు.

అలా ఉండగా తౌకే కొట్టుకు రేడియో దిగింది. కారు బ్యాటరీతో నడిచే చెక్కపెట్టె. ముందు మూడు బొత్తాలు, వెనక వేడెక్కి వెలిగే గాజు బుడ్లు. రెండు కొబ్బరిచెట్లకు తీగ లాగి కట్టారు. పాటను అందరికీ వినిపించే బాకా దానికి లేదు. ఇనుప పట్టీకి రెండువైపులా రెండు నల్లటి చిప్పలు, వాటిని చెవులకు తగిలించుకోవాలి. హెడ్‌ఫోన్ అనాలని అన్న తరవాత చెప్పాడు గానీ, కొబ్బరి ఎస్టేటులో గుండ్రంగా, చేతిలో పట్టేలా ఉన్న ప్రతిదీ మాకు చిప్పే. నా అభిప్రాయం అడిగితే, మనిషి చేసిన కొత్త వస్తువులన్నిట్లో అంతటి గొప్పదీ లేదు, అంతటి పెంకెదీ లేదు. ఒకరోజు దొర పాట వినిపించేది, ఒకరోజు ఊరికే పిల్లిలా ఏడ్చేది. బొత్తం వెంట్రుకవాసి తిప్పితే చాలు, దేశం మారిపోయేది.

కౌలాలంపూరులో ఆ పిచ్చి ఉన్న కొందరు కలిసి చిన్న స్టేషను ఒకటి నడిపేవారు. కాలేజీల పోటీలో ఆఖరి ఆట అక్కడే జరుగుతుందనీ, ఆ సాయంత్రం దాన్ని రేడియోలో చెబుతారనీ తౌకేకు తెలిసింది. ఆడేది మా అన్న జట్టు, కౌలాలంపూరు జట్టు. తౌకే నాకంటే ముదురు అభిమాని. ఆ రోజు ఎండ దిగకముందే కొట్టు తలుపు సగం మూసేశాడు. ఒక చిప్ప ఆయన చెవికి, ఒక చిప్ప నా చెవికి పెట్టుకుని, గంగిరెద్దుల జంటలా తలలు ఆనించి కూర్చున్నాం. చెప్పేది ఇంగ్లీషులో. అన్న నేర్పిన మాటలు నాకు చాలు: గోల్, పాస్, ఫౌల్, అంకెలు. మొదట్లోనే రేడియో మనిషి ఒక మాట చెప్పాడు. ఆట అయ్యాక ఇద్దరు కెప్టెన్లనూ మైకు దగ్గరికి పిలిచి మాట్లాడిస్తారట! నాకు ఒళ్ళు ఝల్లుమంది. అన్న గొంతు ఇక్కడ, మా గేటు దగ్గర, ఎండుచేపల మధ్య!

ఆట ఉడికిపోతోంది. వాళ్ళు ఒకటి వేస్తే మావాళ్ళు ఒకటి వేస్తున్నారు. ఆ పిసినారి మహానుభావుడు బంతి ఎవరికీ ఇవ్వకుండా ఒక్కడే పరుగెత్తి పోగొట్టాడు. "బోడో!" అని తౌకే బల్ల గుద్దాడు. తెలివిలేనివాణ్ణి మలాయిలో అలా తిడతారు, నేనూ గుద్దాను. ఇంక కాసేపట్లో ఆట అయిపోతుందనగా, అంకెలు రెండు పక్కలా సమానంగా ఉండగా, కొట్టు గుమ్మంలో మామ్మ నిలబడింది.

దీపాల వేళయినా ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చింది. "ఏటే గుంటా, ఆడకూతురువేనా నువ్వు? పొద్దుగూకినాక సీనోడి కొట్లో ఏటి సేస్తన్నావు? ఆ నల్ల సిప్పేటి సెవికి?" అని మొదలుపెట్టింది. చెవుడున్నవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో తెలుసు కదా, నాకు రేడియోలో ఒక్క ముక్క వినపడలేదు.

"అన్న ఆట, మామ్మా!"

"ఆడి ఆటా? నాతో మాట్టాడనోడి ఆట నాకెందుకు?"

ఆవిడ ఆగదు. అక్కడ బంతి ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. ఇంక ఏం చెయ్యాలో తోచక, ఆవిడ నోరు మూయించడానికి నా చిప్ప తీసి ఆవిడ చెవికి గట్టిగా నొక్కిపెట్టాను. అంతే, అసలు ఉద్దేశం అదే, ఇంకేమీ లేదు.

మామ్మ మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. "ఓలమ్మో," అంది మెల్లగా. "వానొచ్చీసినాదే! బట్టలు తీసినారా?"

బయట ఆకాశం నిర్మలంగా ఉంది. జనం కొట్టిన చప్పట్లవి. ఆకుల కప్పు మీద వాన చప్పుడు ఆవిడ విని ఎన్నేళ్ళయిందో! మరుక్షణం ఆవిడ తౌకే చెవి మీది రెండో చిప్ప కూడా లాక్కుని, పట్టీ తలకు తగిలించుకుని, బియ్యం బస్తా మీద చతికిలబడింది.

పెద్ద వయసు ఆడమనిషి తల మీది వస్తువు లాక్కోవడం తౌకే మర్యాదకు కుదరదు. నా వైపు తిరిగి చేతులు జోడించినంత పని చేశాడు. "నెనెక్‌ని అడుగులా! తిరిగిమ్మని అడుగులా!" అన్నాడు. నెనెక్ అంటే మలాయిలో మామ్మ, ఆ 'లా' అక్కడ ప్రతి మాటకూ తగిలించే తోక. అడగాలనే చెయ్యి చాపాను. ఆట ఆఖరి ఘడియలవి. ఆ తరవాత అన్న గొంతు. ఏడాదిగా ఆ జట్టు కోసం చచ్చిపోతున్నదాన్ని నేను, ఆవిడ కాదు. కాని మామ్మ మొహం చూశాను. రెండు అరచేతులూ చిప్పల మీద ఆనించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, పసిపిల్ల బూర వింటున్నట్టు వింటోంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏడుపు మాత్రం వచ్చింది, అబద్ధమెందుకు.

తౌకే, నేను ఆవిడ నోటికేసి చూస్తూ నిలబడ్డాం. మాకున్న రేడియో ఇప్పుడు అదే.

"గోల గోల అంటన్నాడే!" అంది మామ్మ.

గోల్! తౌకే గెంతాడు, నేనూ గెంతాను. అంతలో ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చి ఆగిపోయాం. ఎవరు వేశారు? "ఎవులు మామ్మా? ఏ జట్టు?" అని అరిచాను. ఆవిడ విసుక్కుంటూ చెయ్యి ఊపింది. "మళ్ళీ గోల!" అంది కాసేపటికి. "ఈడికి ఇంకో మాట రాదేటి?" తౌకే తల పట్టుకుని బల్ల మీద వాలిపోయాడు. మళ్ళీ వాన కురిసింది. ఈసారి పెద్ద వాన అని మామ్మే చెప్పింది. తరవాత ఏదో పాట వచ్చిందంది. ఎవరో దొర దగ్గాడంది.

అప్పుడు ఆవిడ నిటారుగా కూర్చుంది.

మొహంలో ముడతలన్నీ ఒక్కొక్కటే సర్దుకున్నాయి. నాకు అర్థమైపోయింది. అన్న మాట్లాడుతున్నాడు. ఇంగ్లీషులోనే కాబోలు, ఆవిడకు ఒక్క ముక్క తెలియదు, అయినా తల ఊపుతూ వింటోంది. ఉన్నట్టుండి ఆవిడ పెదవులు విచ్చుకున్నాయి. పళ్ళు లేని నోటినిండా నవ్వింది. ఎదురుగా ఉన్న చెక్కపెట్టెను చూస్తూ, కొట్టు దద్దరిల్లేలా అరిచింది.

"అడుగు నేకపోతే ఏటిరా నాయనా? నానొచ్చి అల్లుతాను! నువ్వలాగ మాట్టాడతా ఉండు!"

వాడేమన్నాడో నాకు ఆ జవాబు వల్లే కొంత తెలిసింది, మిగతాది తరవాత అన్నే చెప్పాడు. ఇంటివాళ్ళకు ఒక మాట చెప్పుకోమంటే, వాడు మైకులో మన తెలుగులో, "మామ్మా, ఇక్కడ బుట్టకి కూడా అడుగు నేదే," అన్నాడట. రేడియో సంగతి నా ఉత్తరంలో చదివాడు కదా, నేను విని మామ్మకు అరిచి చెబుతానన్న ఆశతో అలా అన్నాడట. ఆవిడే వింటుందని వాడు కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ చిప్పలు తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. నేను చెవి దగ్గరికి పోయి, "ఎవులు గెలిసినారు మామ్మా?" అని అడిగాను. తౌకే ఊపిరి బిగపట్టాడు.

"ఎవులు గెలిస్తే ఏటే? ఆడు నాతో మాట్టాడినాడు," అంది.

తౌకే పట్టీ తగిలించుకునేసరికి అందులో పిల్లి ఏడుపు తప్ప ఏమీ లేదు. ఓడిపోయాం. మర్నాడు సరుకు లారీతో వచ్చిన చీనా పత్రిక చూసి తౌకే మొహం వేలాడేశాడు. ఒక్క గోలుతో పోయింది. నేను రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. ఆ పిసినారి వల్లే పోయిందని నేనన్నాను, ఇప్పటికీ అంటాను. రిఫరీ వల్ల పోయిందని తౌకే అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆడినవాళ్ళు కూడా అనని సాకులు చూసేవాళ్ళం, కాదు కాదు, చూడనివాళ్ళం, అన్నీ వెతికాం. మామ్మ మాత్రం ఆ రెండు రోజులూ బెత్తం చీలుస్తూ కూర్చుంది. ఏదో ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది.

అన్న సెలవులకు వచ్చిన రోజున ఆవిడ బస్సు దాకా వెళ్ళింది. ఇంటికొచ్చాక వాణ్ణి గుమ్మంలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు అలవాటుగా మెత్తగా ఏదో అన్నాడు. మామ్మ వాడి గడ్డం పట్టుకుని మొహాన్ని తన చెవి దగ్గరికి లాక్కుంది.

"ఇటు సెవికాడ సెప్పరా," అంది. "ఆ సిప్పలు పెట్టుకుంటే నీ మాట ఇనపడ్డాది. అంటే నీ నోరు మంచిదే. నాకే ఇనపడదు."

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాట ఆవిడ నోట వింటామని మాలో ఎవరూ అనుకోలేదు. నాయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అన్న ఆవిడ చెవికి నోరు ఆనించి ఆటంతా చెప్పుకొచ్చాడు. ఆఖరి బంతి తనే వేశాడట. అది ఇనుప చట్రం మీద గిర్రున తిరిగి, లోపల పడబోయి, అంచు మీద నుంచి బయటికి దొర్లిపోయిందట. అదే పడి ఉంటే ఓటమి తప్పేదట. మామ్మ అంతా శ్రద్ధగా విని తల ఊపింది.

"అందుకే అడుగుండాలన్నాను," అంది.

పైనుంచే బయటపడిన బంతిని అడుగు ఎలా ఆపుతుందని నేను లేచాను. అన్న నన్ను చేత్తో ఆపి, మళ్ళీ ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు. "అవును మామ్మా," అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

ఆవిడకు వినపడింది.